పెరటి మూల దాకా

మా అత్తగారు మొన్న సోమవారం పొద్దున ఏలూరు ఆసుపత్రిలో పోయారు. పరామర్శకి వచ్చినవాళ్లకి తుంటి విరిగి పోయారని చెబుతున్నాం. తుంటి చివర్లో విరిగింది. అంతకు ముందు సంగతి ఎవరికీ చెప్పలేదు. మూత్రం గురించి నలుగురిలో రాస్తారా అని చుట్టాలు నన్ను తిట్టవచ్చు. మా ఆవిడే రాయమంది.

అత్తగారిది కొల్లేరు లంక గ్రామం. మామగారు పోయాక గుండుగొలను దగ్గర మా ఇంటికి వచ్చేశారు. చేపల పులుసులో గరిటె పెట్టనిచ్చేవారు కాదు. "గిన్నె పట్టుకుని తిప్పవే, ముక్క చితికిపోద్ది" అనేవారు. అల్లుడి ఎదటికి రారు, నాతో నేరుగా మాట్లాడరు. నేను అన్నం తింటుంటే తలుపు చాటునుంచి "అమ్మాయ్, మీ ఆయన్ని ఇంకాస్త పులుసు పోసుకోమను" అనేవారు. నేనూ మాటకారిని కాను. ఇద్దరికీ ఆ తలుపు సుఖంగానే ఉండేది.

మోకాళ్లు అరిగాక కష్టం మొదలైంది. కొల్లేరు పొంగితే నీళ్లు రాకుండా ఎత్తుగా కట్టిన ఇల్లు మాది. వెనక మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆవిడ దిగగలిగినవి ముందు మెట్లే. అంటే నేను చేపల చెరువుల లెక్కలు రాసుకునే హాలు దాటి, ఇల్లు చుట్టి, పెరటి మూలనున్న మరుగుదొడ్డికి వెళ్లాలి. రోజూ ఆ దారిలో ఎక్కడో చెంబు ఒలికేది. "చెయ్యి జారిందే" అనేవారు. చీర తడిసిన చోట తేడా తెలియకుండా ఆవిడే నీళ్లు ఒంపుకుంటున్నారని మా ఆవిడకి తెలిసేసరికి వేసవి వచ్చేసింది. అప్పటికి నీళ్లు తాగడం మానేశారు. మజ్జిగ ఇస్తే మొక్కలకి పోసేవారు. పెదాలు పగిలాయి. మూత్రంలో మంట, జ్వరం.

"నీళ్ల మధ్య పుట్టినదాన్ని, గుక్కెడు నీళ్లంటే భయం వేస్తోందే" అని కూతురి దగ్గర ఏడ్చారట.

ఏలూరులో డాక్టరమ్మ అడిగింది. "మామ్మగారూ, వస్తోందని ముందు తెలుస్తుందా?"

"తెలుస్తుందమ్మా. తెలిసి ఏం లాభం, కాళ్లు రావుగా."

మూత్రసంచి బాగానే ఉందని, వెళ్లే దారితోనే ఇబ్బందని డాక్టరమ్మ మాకు విడమర్చి చెప్పింది. నీళ్లు మానితే మంట, జ్వరం ఇంకా పెరుగుతాయంది. వచ్చేదాకా ఆగకుండా రెండు గంటలకోసారి వెళ్లాలి, బట్టల ముడులు తేలిగ్గా ఊడాలి, మంచం పక్కనే కమోడ్ కుర్చీ ఉండాలి అంది.

కుర్చీ తెచ్చాం. ఆవిడ దాని మీద మడతపెట్టిన చీరలు పెట్టారు. "అన్నం తినే ఇంట్లోనా? దానికంటే నన్ను చంపేయండే" అన్నారు. వెనక మెట్లకి కడ్డీ వేయమంటే వెల్డింగ్ అతను వానలు తగ్గాక వస్తానన్నాడు.

అప్పుడు మా ఆవిడ చెప్పింది. "మీరు హాల్లోంచి లేస్తే గాని అమ్మ గడప దాటదండీ. తలుపు వెనక నిలబడి ఆపుకుంటోంది."

ఆ రోజునుంచి రెండు గంటలకోసారి "చెరువు దాకా వెళ్లొస్తా" అని గట్టిగా చెప్పి, గేటు బయట నిలబడేవాణ్ని. పక్కింటావిడ నవ్వేది. "ఏవండీ బావగారూ, మా అక్కయ్య బయటికి గెంటేసిందా ఏవిటి?" చేతికర్ర చప్పుడు వెళ్లి, తిరిగి వచ్చాక లోపలికి పోయేవాణ్ని. చీరలు తడవడం తగ్గింది. ఒకరోజు ఆవిడే గ్లాసుడు నీళ్లు అడిగి తాగారు. ఆ పూట మా ఇద్దరికీ అన్నం సయించింది.

చేపలు పట్టే రోజు నేను చెరువు మీద ఉన్నాను. కొనేవాళ్లు వచ్చి హాల్లో కూర్చున్నారు. మా ఆవిడ టీ పెడుతోంది. అంతమంది మగవాళ్ల మధ్యనుంచి రాలేక అత్తగారు వెనక మెట్లు దిగారు. వాన పడి ఉంది.

ఆసుపత్రిలో చేరీచేరగానే డైపర్ కట్టారు. "వస్తోందమ్మా, వస్తోంది" అని పిలుస్తూనే ఉండేవారు. "అందులోనే పోసెయ్యి మామ్మా, ఏం కాదు" అనేవాళ్లు నర్సులు. తెలివున్న మనిషి తెలిసి తెలిసి పక్కలో ఎలా పోస్తుంది? ఆపుకునేవారు. మళ్లీ నీళ్లకి నోరు బిగించేశారు. చెంచాతో పోస్తే పెదాల పక్కనుంచి కారిపోయేవి. బెడ్‌పాన్ పెట్టమని ఎవరిని బతిమాలాలో మాకు తెలియలేదు. జ్వరం దిగలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ మందులకి కిందికి వెళ్లింది. నేను ఎప్పటిలాగే గది బయట బెంచీ మీద ఉన్నాను.

"బాబూ" అని వినిపించింది.

ఇన్నేళ్లలో ఆ గొంతు నన్ను పిలవలేదు. లోపలికి వెళ్లాను.

"వస్తోంది బాబూ. మంచం కింద బెడ్‌పాన్ ఉంది."

డైపర్ విప్పి, నొప్పికి మూలుగుతుంటే మెల్లగా పాన్ జరిపాను. ఆవిడ దుప్పటి లాక్కుని ముఖం మీద కప్పుకున్నారు.

"బయట ఉంటానండి" అన్నాను.

"వెళ్లకండి బాబూ."

మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నోటి దగ్గర దుప్పటి లోపలికి పోతోంది, మళ్లీ పైకి లేస్తోంది.