పదకొండో గదిలో పెన్సిళ్లు

మా హైస్కూల్లో పిల్లలందరూ ఆవిడను కాగితాల మేడమ్ అనేవాళ్లు. పిల్లలేమిటి, మేమూ అదే అనేవాళ్లం. ఏ పరీక్ష ఎప్పుడుందో, ఏ పనికి ఏ చదువు కావాలో, సెలవుల్లో ఎక్కడ ఉచితంగా శిక్షణ ఇస్తారో పిల్లలకు చెప్పడం ఆవిడ ఉద్యోగం. చెప్పడమంటే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం అనుకునేరు. ఎవరైనా వస్తే కదా! అందుకని రాసేది. ప్రతి శుక్రవారం రెండు వైపులా అచ్చయిన ఒక కాగితం, పేరు 'ముందు దారి', ఆరు వందల సంచుల్లో ఇళ్లకు వెళ్లేది. వెళ్లేది అంటున్నాను గానీ, సగం గేటు దాటేలోపే విమానాలై ఎగిరేవి.

నేను లెక్కల టీచర్ని. నాకు ముక్కు మీదే కోపమని పిల్లలు చెప్పుకుంటారు, నిజమే. ఆవిడ గది నా తరగతి పక్కనే, పదకొండో నంబరు, మెట్ల కింద. అంతకుముందు అందులో ఆటసామాను పెట్టేవాళ్లు. ఎన్నేళ్లయినా లోపల పాత బంతుల వాసన పోలేదు. పైన పిల్లలు దడదడా మెట్లు దిగుతున్నంతసేపూ ఆవిడ మాట ఆపి, చప్పుడు తగ్గాక ఆపిన చోటే మళ్లీ అందుకునేది. బల్లకు ఒకే వైపు రెండు కుర్చీలు వేసుకుంది. ఎదురుగా కూర్చోబెడితే పిల్లలు బెదిరిపోతారట. ఆ రెండో కుర్చీలో చాలా రోజులు ఆవిడ చేతిసంచే కూర్చునేది.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేంత దగ్గరివాళ్లు ఎవరూ మాలో లేరు. వేరే ఊళ్లో అన్నయ్య ఉన్నాడు. నెలకోసారి ఫోన్ చేసి, బాగున్నావా అని అడిగి, ఫోన్ వదిన చేతికి ఇచ్చేస్తాడు. మధ్యాహ్నం డబ్బా కూడా ఆవిడ తన గదిలోనే తినేది. స్టాఫ్ రూములో చోటు లేక కాదు. రమ్మని పిలిచినవాళ్లు లేరు, అంతే. ఆ పిలవనివాళ్లలో నేనూ ఉన్నాను.

ఒకసారి నా చేత అరవై ప్రశ్నల అభిరుచి పరీక్ష రాయించింది. పిల్లలకు ఇచ్చేముందు పెద్దవాళ్ల మీద ప్రయత్నించి చూడాలట. జైలు పర్యవేక్షణకు నేను చక్కగా పనికొస్తానని తేలింది. "ఇప్పుడు చేస్తున్నదీ అదేగా" అన్నాను. నవ్వాలో వద్దో తెలియక ఆవిడ నా మొహం చూసి, చివరికి నవ్వకుండానే వెళ్లిపోయింది.

మా బడిలో ఒక నియమం ఉంది. ఎప్పుడో ఒక నోటీసులో సెలవు తేదీ తప్పు పడి, పరీక్ష రోజున సగం బడి రాలేదట. అప్పట్నుంచి ఇంటికి వెళ్లే ఏ కాగితాన్నైనా ఇంకో టీచరు చదివి, బడిలో ఉంచుకునే ప్రతి మీద 'సరిచూశాను' అని రాసి సంతకం పెట్టాలి. పక్క గది కాబట్టి 'ముందు దారి' నా పాలబడింది. గురువారం మూడో పీరియడ్ నాకు ఖాళీ. ఆవిడ వచ్చి తలుపు మీద రెండుసార్లు మెల్లగా తట్టి, తెరిచే ఉన్న తలుపు దగ్గరే నిలబడేది. నేను దిద్దుతున్న పుస్తకంలోంచి తలెత్తకుండా చెయ్యి చాపేదాన్ని. సంతకం గీకేసి ఇచ్చేసేదాన్ని.

"ఈసారి వాతావరణ కేంద్రం గురించి రాశాను టీచర్ గారూ. వాన ఎంత పడిందో కొలిచే ఉద్యోగం కూడా ఉంటుందండి" అనేది.

"ఆఁ, బాగుంది" అనేదాన్ని.

పన్నెండేళ్లు ఇదే వరస. ఒక్క కాగితం చదివి ఎరగను. అబద్ధమెందుకు, నా బల్ల కాలొకటి కురచ. ఒక 'ముందు దారి'ని నాలుగు మడతలు పెట్టి దాని కింద దూర్చాను. ఆవిడ వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే అనుకునేదాన్ని.

ఏటా వచ్చే ప్రతిభా పరీక్ష ఈ ఏడూ వచ్చింది. పదో తరగతి వాళ్లకే, జీవితంలో ఒక్కసారే. నెగ్గితే సైన్సు కాలేజీలో రెండేళ్లు, ఉండటానికి హాస్టలు కూడా. దరఖాస్తుకు ఆఖరు రోజు పధ్నాలుగు. 'ముందు దారి'లో ఇరవై ఒకటి అని పడింది. ఆవిడ ఏటేటా పాత కాగితాన్నే ముందు పెట్టుకుని, కొత్త తేదీలు దిద్దుకుంటూ రాసేది. ఆ వారం మూడు రోజులు జ్వరం. శాలువా కప్పుకుని వచ్చి రాసింది, నిరుటి తేదీ అలాగే ఉండిపోయింది. గురువారం నా దగ్గరికి తెచ్చింది. నేను సంతకం పెట్టాను.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కాగితాన్ని నమ్ముకున్నవాళ్లు ఎవరని? పిల్లలు ఫోన్లలో చూసుకుని ఎప్పుడో పంపేసుకున్నారు. పద్దెనిమిదో తేదీన మాత్రం నా తరగతిలో చివరి వరస అమ్మాయి, నిండుగా పూర్తిచేసిన దరఖాస్తు పట్టుకుని పదకొండో గదికి వెళ్లింది. వాళ్లమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆమెతోపాటే పనికి వెళ్తుంది.

కాసేపటికి ఆవిడ నా తలుపు దగ్గరికొచ్చింది. తట్టలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనకాల ఆ పిల్ల, చేతిలో రెండేళ్ల 'ముందు దారి' కాగితాలు, దారంతో కుట్టినవి.

పెద్దసారు మమ్మల్ని పిలిపించారు, ఆవిడను తప్పు చేసినందుకు, నన్ను ఆ పిల్ల క్లాసు టీచర్నని. "ఎవరు సరిచూశారు దీన్ని?" అని గద్దించారు.

"ఆ వారం ఎవరికీ చూపించలేదు సార్. జ్వరంలో మర్చిపోయాను" అంది ఆవిడ, నా వైపు కన్నెత్తి కూడా చూడకుండా.

నేను పక్కనే ఉన్నాను. ఆ నెలలోనే ఉపప్రధానోపాధ్యాయుల జాబితా బయటికి రావాలి, అందులో నా పేరుందని అందరూ అనుకుంటున్నారు. అదీ నా మౌనం వెనక సంగతి.

మర్నాడు ఆవిడ ఆ పిల్లను వెంటబెట్టుకుని పరీక్షల ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రం బడి వదిలాక మళ్లీ నా గుమ్మంలో నిలబడింది.

"బడి తప్పైతే ఇరవై అయిదు దాకా తీసుకుంటారటండి. ఇద్దరి సంతకాలున్న కాగితమైతేనే బడి తప్పట. ఒక్కరిదైతే వాళ్ల సొంత తప్పట, దరఖాస్తు చెల్లదన్నారు." ఆగింది. పైన ఎవరో మెట్లు దిగుతున్నారు. ఆ చప్పుడు పోయాక అంది, "బడి ప్రతి నా దగ్గరుంది. బయటపెడితే మీ సంతకం కనిపిస్తుంది. మీరు సరేనంటేనే."

"పెద్దసారు ముందు ఒక మాట, ఇప్పుడొక మాటా? మధ్యలో నన్నెందుకు లాగుతారు!" అని కసిరాను.

"నేనే అబద్ధం చెప్పానని చెప్తాను టీచర్ గారూ. మీరు రేపు చెప్పండి" అని వెళ్లిపోయింది.

కోపమంతా బల్ల మీద చూపించాను. లేస్తూ ఒక్క తోపు తోశాను. కాలి కింద మడత ఊడి బయటికొచ్చింది. పారేద్దామని తీసి, ఎందుకో విప్పాను. మూడేళ్ల కిందటిది. పన్నెండేళ్లలో మొదటిసారి ఆవిడ రాసింది చదివాను. కళ్లద్దాలు తయారుచేసే పని గురించి. బాగా రాసింది, నిజంగా బాగా రాసింది. వెనక వైపు అట్టడుగున, సన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: 'ఇక్కడి దాకా చదివినవారు పదకొండో గదికి వచ్చి ఒక పెన్సిల్ తీసుకోండి.'

స్టాఫ్ రూముకు వెళ్లి, అక్కడ బీరువా పైన దుమ్ము కొట్టుకుంటున్న పాత కాగితాలు తీసి తిరగేశాను. ప్రతి దాంట్లోనూ అదే వాక్యం. నేను ఏ గురువారమూ పెన్సిల్ అడగలేదు. అంటే నేను చదవడం లేదని ఆవిడకు ప్రతి గురువారమూ తెలుసు. తల కొట్టేసినట్టయింది.

పొద్దున్నే పదకొండో గదికి వెళ్లాను. "నాకో పెన్సిల్ ఇవ్వండి" అన్నాను.

ఆవిడ సొరుగు లాగింది. నిండుగా ఉన్న డబ్బా. ఒకటి తీసి, చెక్కి మరీ ఇచ్చింది.

"ఇంతవరకూ ఎవరూ రాలేదా?" అన్నాను.

"లేదండి. ఆ పిల్లను కూడా అడిగాను. 'నాకు పెన్సిల్ ఉంది మేడమ్, లేనివాళ్ల కోసం అనుకున్నా' అంది." ఆ మాట చెప్తూ నవ్వింది. ఆవిడ నవ్వు నేను వినడం అదే మొదలు.

"నేను చదవనని తెలిసి ఎందుకు తెచ్చేవారు ప్రతి వారం?"

"వారానికి ఒక్కసారైనా ఎవరిదో ఒకరి తలుపు తట్టాలి కదండీ" అంది, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

పెద్దసారు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. నేనే చెప్పాను, చదవకుండా సంతకం పెట్టానని, ఈ ఒక్కసారే కాదు, పన్నెండేళ్లుగా అని. ఆ అమ్మాయి దరఖాస్తు తీసుకున్నారు, పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. జాబితాలోంచి నా పేరు పోయింది, అది నా స్వయంకృతం. 'ముందు దారి' కూడా పోయింది. రాసేవాళ్లకూ చూసేవాళ్లకూ పట్టనిది ఎందుకు, ఇకమీదట ఫోనులో రెండు ముక్కలు పంపిస్తే చాలన్నారు పెద్దసారు. ఆవిడ సరే సార్ అంది. ఆ ప్రతి బయటపెడితే అలా అవుతుందని ఆవిడకు ముందే తెలుసని నాకు అప్పుడర్థమైంది.

తర్వాతి గురువారం మూడో పీరియడ్ తలుపు చప్పుడు కాలేదు. పుస్తకాలు దిద్దుతున్నానే గానీ చెవులు అటే ఉన్నాయి. ఆ పై గురువారం కూడా అంతే. ఎనిమిది అడుగుల దూరం. లేచి వెళ్లొచ్చు. వట్టి చేతులతో ఏమని వెళ్లను? వెళ్లడానికి ఒక పని లేకపోతే ఆ ఎనిమిది అడుగులు ఎంత దూరమో నాకు తెలిసొచ్చింది.

మూడో గురువారం నా లెక్కల ప్రశ్నపత్రం పట్టుకుని వెళ్లి పదకొండో గది తలుపు తట్టాను. "ఒకసారి సరిచూస్తారా?" అన్నాను.

ఆవిడ రెండో కుర్చీలోంచి సంచి తీసి కింద పెట్టింది. "కూర్చోండి టీచర్ గారూ" అంది. కళ్లద్దాలు తుడుచుకుని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది. పైన మెట్ల మీద పిల్లలు దిగుతుంటే ఆగింది, మళ్లీ అందుకుంది. పీరియడ్ అంతా పట్టింది. రెండు తప్పులు దొరికాయి.

పన్నెండేళ్లలో నేను ఆవిడను ఒక్కసారి కూడా కూర్చోమనలేదని నాకు ఆ కుర్చీలో కూర్చున్నాకే గుర్తొచ్చింది.