విన్నీ చెరిపేసిన పావురాల సైట్

ఇంగ్లండ్‌లోని బార్న్‌స్లీలో మా పక్కింటి విన్నీ ఆక్‌రాయిడ్ బస్సులు నడిపి రిటైరైంది. పందెపు పావురాలు పెంచేవాళ్ల కోసం ఒక వెబ్‌సైట్ నడిపేది. దారి తప్పిన పావురం ఎవరి పెరట్లో వాలినా, వాళ్లు దాని కాలి రింగు మీది నంబరు అందులో పెట్టేవారు. సొంతదారు చూసుకుని వెళ్లి తెచ్చుకునేవాడు.

ఇంటర్నెట్ భద్రతను చూసే సంస్థ ఖర్చుకు వెబ్‌సైట్లు ఫీజు కట్టాలనీ, ప్రపంచమంతటా వచ్చే రాబడిని బట్టి లెక్కగడతారనీ పేపర్లో చదివి ఆమె హడలిపోయింది. ఆమె సైట్‌కి బెల్జియం వాళ్లు కూడా వచ్చేవారు. తన పెన్షన్ చాలదనుకుని, ఎవరినీ అడక్కుండా శనివారం సైటంతా చెరిపేసింది.

మర్నాడు పావురాల క్లబ్బులో విన్నీ ఆ మాట చెప్పగానే తోటి సభ్యుడు క్లిఫ్ టీ కప్పు కింద పెట్టాడు.

"ఆ ఫీజు ఏడాదికి పాతిక కోట్ల పౌండ్లు, ఆపైన సంపాదించే కంపెనీలకే. నీకెంతొస్తుందేంటి?"

"చందా డబ్బాలో మీరు వేసేదే."

"మరింకేం, మహారాణీ, మళ్లీ తెరువు."

"తెరవడానికేం మిగల్లేదు క్లిఫ్. కాపీ కూడా ఉంచలేదు."

వెనక బల్ల దగ్గర ఆర్నల్డ్ లేచాడు. అతని ఆడ పావురం పోయిన వారం పందెం నుంచి తిరిగి రాలేదు.

"నిన్న ఎవరైనా నా పిట్ట నంబరు పెట్టారా విన్నీ?"

విన్నీ అతని వైపు తిరిగింది.

"తెలీదు ఆర్నల్డ్. చూడకుండానే చెరిపేశాను."