చుట్టని ఆకు

అక్షరాలు వచ్చి మూడేళ్లయినా ఆమె గురించి రాయలేకపోయాను. రాస్తే నా తప్పు కూడా రాయాలి.

ఆమె మా పక్కింటి అమ్మాయి. మెదక్‌లో మా ఇంటి అరుగు మీద నేను బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని, కత్తిరించిన ఆకుల మీదే పెన్నుతో నాకు అక్షరాలు నేర్పింది. నేను తప్పు రాసి సిగ్గుపడితే నవ్వేది.

"రాసింది లోపటికి పెట్టి చుట్టెయ్ పెద్దమ్మా. ఎవలు జూస్తరు?"

అలా నా తప్పులన్నీ బీడీలై పోయాయి.

ఇంటర్ అయ్యాక ఆమెకు ఢిల్లీలో గొప్ప పేరున్న యూనివర్సిటీలో సీటు వచ్చింది. మా ఊరి డిగ్రీ కాలేజీలోనూ వచ్చింది. ఎటు పోవాలో తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చింది.

"ఈడైతే తెల్వనిది సార్లను అడుగుత. ఆడ అందరు పెద్ద బడులల్ల చదివినోళ్లే. నోరు తెరువనీకె భయమైతది పెద్దమ్మా."

"గసొంటి సీటొస్తే భయమేంది బిడ్డా? పో" అన్నాను. నాకు చదువు చెప్పిన పిల్ల ఢిల్లీలో చదువుతోందని పదిమందికి చెప్పుకోవాలని నా ఆశ.

మొన్న సెలవులకు వచ్చింది. నోట్‌బుక్ చూపించమంటే అరచేత్తో కప్పేసింది.

"రెండేండ్లల్ల క్లాసుల ఒక్క మాట అడగలే. తప్పు మాట్లాడితే అందరు జూస్తరు. ఇగ పోబుద్ధి అయితలేదు. నాయినకు ఎట్ల చెప్పాలె? నువ్వేమో వాడకట్టంత చెప్పుకుంటివి."

మరునాడు పొద్దున ఒక ఆకు మీద "పొమ్మన్నది నేనే. తప్పు నాది" అని రాశాను. దాన్ని చుట్టకుండా, ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, వాళ్ల నాయన చేతిలో పెట్టాను.