ఆ కేసెట్టూ, మా అమ్మ మొక్కూ

తొంభైల చివర్లో నేను విరుదునగర్‌లో చదువుకుంటూ కాలేజీ హాస్టల్లో ఉండేదాన్ని. మాది కోవిల్‌పట్టి. నాన్న నూలు మిల్లులో పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో కూర్చుని జిగురుతో అగ్గిపెట్టెలు అంటించేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. హాస్టల్లో నా గదిలోని ముగ్గురమ్మాయిలూ మదురై కాన్వెంటులో కలిసి చదివినవాళ్లు. తమలో తాము ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవారు. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నేను గదిలోకి వస్తే మాటలు ఆపేవారు కాదు, నన్ను అందులోకి రమ్మనేవారూ కాదు. కిటికీ పక్కన బీరువా ఉన్నట్టు నేనూ ఉండేదాన్ని.

ఆ ఏడు వాళ్లకు పిచ్చిగా పట్టుకున్నది ఒక విదేశీ రాక్ గాయని ఆల్బం. కేసెట్టు అట్ట మీద ఆమె వెండి రంగు కోటు వేసుకుని, కళ్ల నిండా నల్లగా కాటుక దిద్దుకుని, మగవాళ్ల క్రాపుతో నిలబడి ఉండేది. నవ్వేది కాదు. ఇదివరకు ఆమె చెవులు పగిలేలా పాడేదట. ఈ ఆల్బంలో గిటార్ల హోరు కాస్త తగ్గించి, ఎవరైనా కూనిరాగం తీయగల బాణీలు కట్టిందట. అమ్ముకోవడానికే ఇలా మెత్తబడిందని పాత అభిమానులు తిట్టుకున్నారట. అయినా దేశదేశాల్లో విపరీతంగా అమ్ముడుపోయింది. ఇవన్నీ ఆ ముగ్గురూ పత్రికలు చూసి చెప్పుకుంటుంటే పుస్తకం వెనక నుంచి విన్నాను.

మొదట వాళ్ల కోసమే నేర్చుకోవాలనుకున్నాను. బజారులో పాటలు రికార్డు చేసి ఇచ్చే దుకాణంలో నాకూ ఒక కేసెట్టు, అట్ట జిరాక్సుతో సహా, చేయించుకున్నాను. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా, అమ్మ అగ్గిపెట్టెల మధ్య కూర్చుని ఉండగా, టేప్‌రికార్డరులో అదే పెట్టి మాట మాట బట్టీ పట్టాను.

"ఈ ఆడమనిషి ఏడస్తా ఉందా, పాడతా ఉందా?" అని అడిగేది అమ్మ.

"పాట్టే అమ్మా."

"అట్లనా. సరే, పాడనీ."

నేర్చుకుంటుండగానే ఆ పాటలు నావైపోయాయి. మూడో పాటలో ఆమె గొంతు ఒకచోట జీరబోతుంది. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ నా చేతిలో పని ఆగిపోయేది.

ఒక సాయంత్రం గదిలో ఆ ముగ్గురూ పాడుతుంటే ధైర్యం చేసి నేనూ గొంతు కలిపాను. ఒకమ్మాయి నా వైపు తిరిగి, ఆ మాట అది కాదని మెల్లగా సరిచేసింది. ముగ్గురూ నవ్వారు. అందులో చెడ్డతనం ఏమీ లేదు. నవ్వేసి మళ్లీ వాళ్ల పాటలో పడ్డారు.

ఆ వారమే రైల్వే స్టేషను దగ్గరి బ్యూటీ పార్లర్‌కు వెళ్లి, కేసెట్టు అట్ట చూపించి, అచ్చం అలాగే కత్తిరించమన్నాను. అక్కడి ఆమె నా జడ చేతిలోకి తీసుకుని, మీ అమ్మకు తెలుసా అని తమిళంలో అడిగింది. తెలుసన్నాను. కత్తిరించిన జడను ప్లాస్టిక్ సంచిలో పెట్టి నా చేతికే ఇచ్చింది.

గదిలోకి వెళితే ముగ్గురూ ఒక్కసారిగా తలెత్తారు. టైఫాయిడ్ వచ్చిందా అని అడిగింది ఒకమ్మాయి. కాదన్నాను. బాగుందన్నారు. అప్పటికే వాళ్ల టేప్‌రికార్డరులో వేరే ఎవరివో పాటలు మోగుతున్నాయి. నా క్రాపు ఎవరిదో వాళ్లకు తట్టనేలేదు.

శనివారం ఇంటికి వెళ్లాను. వాకిట్లో నన్ను చూసి అమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

"యాడ పాపా జుట్టు? ఎవురు కోసిరి?"

"నేనే కత్తిరించుకుంటిని."

"ఏంటికి?"

ఇంతలో ఎదురింటి పెద్దామె వచ్చి, అయ్యో ఇదేమిటని తమిళంలో అంది. అమ్మ తడుముకోకుండా, బిడ్డకు ఒంట్లో బాగా లేకపోతే సాత్తూరు మారియమ్మకు మొక్కుకున్నామని, రేపు వెళ్లి గుండు కొట్టించాలని చెప్పేసింది. ఎదురింటామె చెంపలు వేసుకుని వెళ్లిపోయింది.

"నువ్వు సుమ్మ, ఊరికే చెప్పితివి గదా అమ్మా?"

"ఆయమ్మ పేరు చెప్పినాక సుమ్మ ఏముంది? బయంగా ఉంది నాకు. పొద్దున్నే పోదాం."

మర్నాడు సాత్తూరులో దిగి, బస్సు మారి గుడికి వెళ్లాం. తలనీలాలు తీసే పాకలో నేను కూర్చోబోతుంటే అమ్మ నా భుజం పట్టి ఆపింది. ముందు తనే పీట మీద కూర్చుని కొప్పు విప్పింది. అమ్మ జుట్టు నడుము దాకా ఉండేది. అందులో ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

"నీకేంటికమ్మా?" అన్నాను.

"అబద్దం చెప్పింది నేను గదా. నీ ఒక్క తలతోనే తీర్చేదా?"

మంగలి నీళ్లు చల్లాడు. ఆమె కళ్లు మూసుకుంది. కత్తి పని అయిపోయాక అమ్మ నాకు కొత్త మనిషిలా, చిన్నపిల్లలా కనిపించింది. తర్వాత నేను కూర్చున్నాను.

తిరుగు బస్సులో గుండ్లకు గంధం పూసుకుని పక్కపక్కన కూర్చున్నాం. కిటికీలోంచి నల్లరేగడి చేల మీది గాలి తలకు చల్లగా తగులుతోంది. ఊరు దగ్గరపడుతుండగా అమ్మ అడిగింది.

"ఆ కోటు మనిషి ఏమని పాడతాది?"

మూడో పాట నాకు తోచినట్టు చెప్పాను. "ఒకరి వాకిట్లో నిలబడిందంట. లోపలికి రమ్మంటారని చూసిందంట. ఎవురూ పిలవలేదంట."

"శానామంది వింటారా?"

"లోకమంతా వింటారమ్మా."

"వినేది సరే. అన్నం తింటివా అని అడిగేదానికి ఎవురైనా ఉండారా దానికి?"

తెలియదన్నాను. అమ్మ నా గుండు నిమిరి, ఎండిన గంధం గోటితో గీరి తీసింది.

సోమవారం గుండుతో హాస్టలుకు వెళితే ఒకమ్మాయి తన స్కార్ఫు తెచ్చి ఇచ్చింది. ఉంచుకోమంది. తీసుకున్నాను. ఆ తర్వాత కూడా ముగ్గురూ ముగ్గురే, నేను నేనే. డిగ్రీ అయ్యాక ఎవరి దారిన వాళ్లు పోయారు. నాకు విరుదునగర్‌లోనే ఒక నూనె వ్యాపారి ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పప్పుల మిల్లుల వెనక వీధిలో ఒక గది తీసుకున్నాను. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటింది. కేసెట్లు పోయి సీడీలు వచ్చాయి. ఆ ఆల్బం సీడీ మా వీధి చివరి దుకాణంలో కూడా దొరికింది.

ఆదివారాలు తలుపు వేసుకుని అది పెట్టుకునేదాన్ని. వింటూ ఆమెతో కలిసి పాడేదాన్ని. మధ్యమధ్య మా ఇంటి తెలుగులో ఏదో ఒకటి అనేదాన్ని కూడా. ఆ ఊళ్లో ఆ తెలుగు నా నోట వచ్చేది అప్పుడు మాత్రమే.

ఒక ఆదివారం పక్క పోర్షన్ ఆమె తలుపు తట్టింది. చేతిలో గిన్నె ఉంది. చుట్టాలు వచ్చినట్టున్నారు, మాటలు వినిపిస్తున్నాయి, కాస్త పాయసం తెచ్చానంది. నా భుజం మీదుగా గదిలోకి చూసింది. మంచం, కుర్చీ, పాడుతున్న పెట్టె.

ఎవరూ రాలేదని చెప్పాను. ఆమె ఒక క్షణం నిలబడింది. లోపలికి రమ్మనాలని నాకు తోచేలోపే గిన్నె నా చేతిలో పెట్టి, తర్వాత ఇవ్వచ్చులే అంటూ వెళ్లిపోయింది. పాయసం వేడిగా ఉంది. నిలబడే తాగాను.