నాన్న స్కాన్ వెళ్ళని ఆదివారం

ఆ ఆదివారం పొద్దున లాప్‌టాప్ ముందు కూర్చుని మా నాన్న ఛాతీ స్కాన్‌ని హైదరాబాద్ పంపిస్తున్నాను. అది వెళ్ళడం లేదు.

స్కాన్ నరసరావుపేటలో తీయించాం. అక్కడి డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, కుడి ఊపిరితిత్తిలో గడ్డ లాంటిది కనబడుతోందనీ, క్యాన్సర్ కావచ్చనీ అన్నాడు. గుంటూరు తీసుకెళ్ళి ముక్క తీయించి పరీక్ష చేయించమన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న నాన్నకి మాత్రం నెమ్ము చేసిందని చెప్పాను. ఆయన నమ్మాడు. తిరుగు ప్రయాణంలో బస్సు ఆగిన చోట దిగి నాకు జామకాయలు కొనిపెట్టాడు. వాటిని అలాగే ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా వచ్చాను.

నాతో పనిచేసే అమ్మాయి పెదనాన్న హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టరు. ఫోన్లో తీసిన ఫొటోలు పనికిరావు, స్కాన్ మొత్తం పంపండి అన్నాడాయన. ఆదివారం ఇంట్లోనే ఉంటాను, సాయంత్రం లోపు అందితే చూసి చెబుతాను, ఆ తర్వాత రెండు వారాలు ఊళ్ళో ఉండను అన్నాడు. ఇంత భయాన్ని ఇంకో రెండు వారాలు నోట్లో పెట్టుకుని తిరగడం నా వల్ల కాదు.

మాది మాచర్ల. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నాన్న ఏళ్ళ తరబడి నాపరాళ్ళు కోశాడు, తర్వాత రాళ్ళ లారీలకి లోడు కట్టాడు. నా ఉద్యోగం ఇంటినుంచే కాబట్టి నెట్ పెట్టించుకున్నాను. ఆ వారమంతా ఆఫీసు కాల్స్‌లో నా గొంతు తెగి తెగి వినబడుతోందని అందరూ అంటున్నా పట్టించుకోలేదు. చిన్న చిన్న ఫైళ్ళు ఎలాగో వెళ్ళిపోతున్నాయి. స్కాన్ చిన్నది కాదు. రెండు శాతం దగ్గర ఆగి, నేనెంత చూసినా కదలనంది.

రౌటర్ ఆపి మళ్ళీ పెట్టాను. టీవీకున్న వైఫై తీసేశాను. ఫోన్లని కూడా నెట్‌నుంచి తప్పించాను. లాప్‌టాప్‌కి నేరుగా వైరు తగిలించాను. స్పీడ్ టెస్ట్ పెడితే కిందికి వచ్చేది పర్వాలేదు, పైకి వెళ్ళేది మాత్రం వేసవిలో మా వీధి కుళాయిలా ఉంది. ఫోన్ సిగ్నల్‌తో పంపుదామంటే ఇంట్లో ఒక గీత దాటదు. ఆదివారం కాబట్టి నెట్ సెంటర్లు మూసేశారు. పక్కింటికి పెన్‌డ్రైవ్ పట్టుకెళితే ఏంటది, ఎవరికి, ఎందుకు అంటారు. నేను గడప దాటి వచ్చేలోపే ఆ సంగతి నాన్న చెవిలో పడుతుంది.

నాన్న వరండాలో మంచం మీదినుంచి అంతా చూస్తున్నాడు.

"ఏందమ్మా, మీ ఆఫీసోళ్ళు ఆదివారం కూడా వదలరా?"

"అర్జెంటు ఫైలు నాన్నా."

"ఎవరిది?"

"కస్టమర్‌ది."

"పాపం, ఆయనెవరో ఎదురుచూస్తా ఉంటాడు" అని దగ్గాడు. ఆ దగ్గు ఆగేవరకూ నేను కీబోర్డు మీద చెయ్యి వేయలేకపోయాను.

కేబుల్ అతనికి ఫోన్ చేశాను.

"బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతుందా మేడమ్?"

"లేదు."

"అయితే మా కాడ ప్రాబ్లం ఏం లేదు."

"మీ కాడ లేక, మా కాడ లేక, మధ్యలో దయ్యం తింటోందా?" అని అరిచాను. కోపం నాకు తొందరగా వస్తుంది. భయపడ్డప్పుడు ఇంకా తొందరగా వస్తుంది.

"అరవమాకండి మేడమ్. పైన వైరు యాడన్నా మడత పడిందేమో చూడండి. దాంట్లో పోయేది వెలుతురు. గట్టిగా వంగితే సరిగ్గా పోదు. రేపు మనిషిని పంపుతా."

రేపటి మనిషి నాకెందుకు? ఫోన్ లాప్‌టాప్ పక్కన పడేసి మేడెక్కాను.

ఇదివరకు మా వైరు పిట్టగోడ పక్కన వదులుగా చుట్టలా వేలాడుతుండేది. ఇప్పుడు బిర్రుగా లాగి, పిల్లర్ మీది ఇనప చువ్వకి రెండు చుట్లు తిప్పి ముడేసి ఉంది. అది లారీ ముడి. ఎవరు వేశారో అడగాల్సిన పనిలేదు. ఏదైనా వదులుగా వేలాడితే మా నాన్నకి పడదు. లోడు మీద తాడు వదులైతే రాళ్ళు మనుషుల మీద పడతాయని ఆయన చేతులకి తెలుసు. బరువు పనులు చేయొద్దని నేనన్న దగ్గర్నుంచీ ఊరికే కూర్చోలేక మేడంతా సర్దిపెట్టాడు, వైరుతో సహా. ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ముడి ఊడలేదు. కత్తి పెడితే వైరు తెగుతుందని భయం. పిట్టగోడ మీదినుంచి వంగి, ముడి ఎలా ఊడుతుందని నాన్నని అడిగాను.

"లాగమాక, లాగేకొద్దీ బిగుసుద్ది. చిన్న కొస పట్టుకొని ఎనక్కి తొయ్యి" అంటూనే మెట్ల వైపు వచ్చాడు. "ఉండు, నేనొస్తా."

"నువ్వు రామాక!" అన్నాను. అనలేదు, అరిచాను.

"ఏందే ఆ అరుపు?"

"మెట్లు కాలుతున్నాయి నాన్నా."

మిట్టమధ్యాహ్నం గనుల్లో ఉత్తకాళ్ళతో తిరిగిన మనిషితో ఆ మాటన్నాను. ఆయన వింతగా చూశాడు. లాప్‌టాప్ దగ్గర కూర్చుని అంకె ఎంతుందో చూసి చెప్పమన్నాను. ఫైలుకి పేరు లేదు, స్కాన్ సెంటరు వేసిన నంబరే ఉంది. ఆ ధైర్యంతోనే చెప్పాను.

చిన్న కొసని వెనక్కి తోస్తే ముడి ఊడింది. కానీ వైరుకి వంపు అలవాటైపోయింది, వదిలేస్తే మళ్ళీ అక్కడే ముడుచుకుంటోంది. రెండు చేతులతో పెద్ద గుండ్రంగా పట్టుకుని నిలబడ్డాను.

"పదకొండు" అని కిందినుంచి కేకేశాడు. కాసేపటికి "ఇరవై". ఆ తర్వాత "అమ్మాయ్, ముప్పై దాటింది, పరిగెత్తుతా ఉంది!"

తన ఊపిరితిత్తులు వెళ్తున్న లెక్క తనే చదివి వినిపిస్తున్నాడు. అంకెకీ అంకెకీ మధ్య దగ్గుతున్నాడు. తల మాడిపోతున్నా కదల్లేదు.

"వంద! అయిపోయిందే, పోయింది!" లోడు లారీ గేటు దాటినప్పుడు ఇలాగే సంబరపడేవాడు.

వైరుని వదులుగా ఒక పాత చున్నీతో చువ్వకి వేలాడదీసి, నీళ్ళ ట్యాంకు నీడలో కూలబడ్డాను. ఫైలు వెళ్ళనంతసేపూ చేయడానికి ఏదో ఒక పని ఉంది. ఇప్పుడు ఏమీ లేదు. ఎక్కడో ఒకాయన దాన్ని తెరిచి చూస్తుంటాడు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు.

కింద నా ఫోను మోగింది. నేను లేచేలోపే నాన్న ఎత్తాడు.

"అమ్మాయి పైనుంది సార్... నేనా? వాళ్ళ నాన్నని... దగ్గా? ఆ, నాకే."

మెట్లు ఎలా దిగానో గుర్తు లేదు. నేను వెళ్ళేసరికి ఆయన నిలబడి, కళ్ళు తెరమీద పెట్టి, డాక్టరు అడిగినదానికల్లా బదులిస్తున్నాడు. "రాయి కోసే మిషన్ కాడ సార్... మూతికి గుడ్డ కట్టేవోళ్ళం కాదు... బీడీ మానేశా..." చెయ్యి చాపితే ఫోన్ ఇవ్వలేదు. చాలాసేపు విన్నాడు. చివరికి "సరే సార్, చానా థాంక్స్" అని పెట్టేశాడు.

"ఆ ఫైలు నాదా?" అన్నాడు.

అవునని తలూపాను.

"రాతి దుమ్ము గట్టిపడి గడ్డలాగా అయిందనిపిస్తందంట. ఎక్కువగా అదే అయ్యుంటదంట. కానీ క్యాన్సర్ కాదని ముక్క తీస్తేగానీ చెప్పలేరంట. గుంటూరు పోవాల్సిందేనంట. లోపలికి పోయిన దుమ్ము మాత్రం ఇంక బయటికి రాదంట."

నేను ఏడ్చాను. నువ్వు భయపడతావని చెప్పలేదు నాన్నా అన్నాను.

"భయపడతా. ఎందుకు భయపడను? నా ఒళ్ళు, నా భయం. నన్ను పడనీయమ్మా. నాది నీకెందుకిచ్చాడు ఆ నరసరావుపేట డాక్టరు?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఫోను బల్ల మీద పెట్టి, నా పక్కన కూర్చున్నాడు. గుంటూరుకి పొద్దున ఏ బస్సుందని అడిగాడు. చెప్పాను. అప్పటివరకూ ఆ ఇంట్లో నేనొక్కదాన్నే భయపడ్డాను, ఆ పూటనుంచి ఇద్దరం భయపడ్డాం.