తీయకూడని పచ్చ

మదనపల్లె బస్టాండు పక్కన కలర్ ల్యాబు నడిపే గంగప్పకు పచ్చరంగంటే పడదు. చెట్టు పచ్చ, చీర పచ్చ సరే. ఫోటోలో ముఖాల మీద పడే ట్యూబులైటు పచ్చ మాత్రం ఆయనకు ఆగర్భ శత్రువు. కల్యాణ మంటపాల్లో తీసిన ఫోటోలన్నిటికీ అదే జబ్బు. పెళ్ళికూతురు పసరు తాగినట్టు కనిపించేది. గంగప్ప మిషను ముందు కూర్చుని నాలుగు మీటలు నొక్కితే ఆ పిల్ల మళ్ళీ కళకళలాడేది. కుప్పం దాకా స్టూడియోల వాళ్ళందరూ ఆయన దగ్గరికే రావడం ఊరికే కాదు.

నేను పుంగనూరులో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేదాన్ని. 2005లో కుప్పంలో సైన్సు ఫేరు పెట్టారు. మా బడిని పిలవడం అదే మొదటిసారి. మదనపల్లె పక్కనున్న అంగళ్లు ఊరి నెట్ సెంటరులో గంటలు గంటలు కూర్చుని, భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు తీసిన రెండు ఫోటోలు సీడీలోకి ఎక్కించుకున్నాను. ఒకటి పొగ కక్కుతున్న అగ్నిపర్వతం. రెండోది ధ్రువాల దగ్గర ఆకాశంలో వెలిగే పచ్చటి కాంతి. ఆ పచ్చ ఎలా పుడుతుందో చెప్పడానికి మునీశ్వరిని ఎంచాను. నలుగురిలో నోరు తెరవని పిల్ల. నెల రోజులు ఆ నాలుగు మాటల కోసం నా కొంగు పట్టుకుని తిరిగింది.

ఫేరుకు ముందురోజు మధ్యాహ్నం ప్రింట్ల కోసం పోతే గంగప్ప ముసిముసిగా నవ్వుతున్నాడు.

"ప్రిస్కిల్లా టీచరమ్మా, మీ సీడీలో శానా తప్పులుండాయి. అంతా సరిచేసినా. ఒకదాంట్లో పచ్చ కొట్టుకొచ్చిండాది, తీసేసినా. ఇంకోదాంట్లో కొండ మీద ఫంగస్ మరక. దాన్నీ తుడిచేసినా. సూడండి ఇప్పుడు!"

చూశాను. అగ్నిపర్వతం మన హార్స్‌లీ కొండలాగా బుద్ధిగా కూర్చుంది. ధ్రువకాంతి బూడిదరంగు మబ్బయింది. నాకు తిక్క రేగింది.

"నిన్నెవురు సరిచేయమనిరి గంగప్పా? ఆ మరక అగ్నిపర్వతం పొగ! ఆ పచ్చ ఆకాశంలోనే ఉండాది!"

"ఆకాశంలో ట్యూబులైట్లు యాడుంటాయమ్మా?" అన్నాడు, నిజంగానే.

అంత కోపంలోనూ నవ్వొచ్చింది. సూర్యుడి నుంచి వచ్చే కణాలు పై గాలిలోని ఆక్సిజన్‌కు తగిలితే అలా వెలుగుతుందని, దాన్ని దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల పైనుంచి తీశారని చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది.

"అంత పైకి పోయి తీసిన ఫోటోను నేను ఈడ కూసోని చెడగొడితినా!" అని తల పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"మీరు పొండమ్మా. కరెంటు రాంగానే మళ్ళా ప్రింటు తీసి, రేపు కుప్పానికి నేనే తెస్తా," అన్నాడు. నమ్మక చేసేదేముంది?

మర్నాడు పది గంటలకు మా బల్ల వెనక గోడ బోసిగా ఉంది. జడ్జీలు రెండు బల్లల అవతలికి వచ్చేశారు. మునీశ్వరి ఏడుపు మొహం పెట్టింది. గంగప్పను మనసులో ఎన్ని తిట్టానో ఆ దేవుడికే తెలుసు. అప్పుడొచ్చాడు మహానుభావుడు, చెమటలు కక్కుతూ, ప్రింట్లను ఉతికిన పంచెలో చుట్టుకుని. గబగబా గోడకు అతికించాం. పచ్చ జిగేల్మంది. కొండ మీద పొగ లేచింది.

జడ్జీల్లో ఒకాయన కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "ప్రింటులో పచ్చ ఎక్కువైనట్టుందే?"

మునీశ్వరి నా వెనక నక్కింది. గంగప్ప ముందుకొచ్చాడు.

"ఇరవై ఏండ్లుగా పచ్చ తీసేదే నా పని సార్. నేనూ మీ మాదిరే అనుకోని దీన్ని తీసేసినా. తప్పు చేసినా. ఇది తీయగూడని పచ్చ. యాలనో ఈ పాప చెప్తాది."

అని పక్కకు జరిగాడు. మునీశ్వరి ఆయన వైపు చూసింది, నవ్వింది, చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది గంగప్పే. సంతోషం పట్టలేక, నేను కొట్టడమే మరిచిపోయాను.

ప్రైజు మూడోది వచ్చింది. ఆ తర్వాత ఆయన ల్యాబుకు ఎవరు ఏ ఫోటో తెచ్చినా, మిషను ముట్టకముందే ఒక మాట అడగడం మొదలుపెట్టాడు.

"ఈ రంగు ఆడ నిజంగా ఉండిందా అప్పా?"