హంస పడవ ఎక్కిన ఒడ్డు మామ

ఊరంతా అతన్ని ఒడ్డు మామ అనేది. చేపలు పట్టే ఇంట్లో పుట్టి ఒడ్డు దాటని మగవాడు అతనొక్కడే. చిన్నప్పుడు తండ్రి మొదటిసారి వేటకు తీసుకెళ్లిన రోజే పడవ బోల్తా పడింది. తండ్రి జుట్టు పట్టి పైకి లాగేదాకా నీళ్ల కింద చూసిన ఆ ఆకుపచ్చ చీకటి అతన్ని ఆ తర్వాత వదల్లేదు. పాదం తడిస్తే చాలు, పైప్రాణాలు పైనే పోయేవి. వలలు బాగుచేస్తూ, చేపలు ఎండబెడుతూ బతికాడు. "వీడు స్నానం కూడా దూరంగా నిలబడే చేస్తాడు," అని బావ నలుగురిలో నవ్వేవాడు.

తర్వాత రిసార్టు వచ్చింది. పడవలు లాగి నిలిపే చోట గొడుగులు, కుర్చీలు వెలిశాయి. వలల పాక కాఫీ హోటలైంది. వేట గిట్టక పడవలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. బావ గేటు కాపలాకి, అక్క గదులు ఊడ్చే పనికి కుదిరారు. అందరూ ఒడ్డునే ఉండిపోయాక ఇక వెక్కిరించేవాళ్లెవరు? అతనికి కుర్చీలు వేసే పని దొరికింది. నీళ్లకు వీపు పెట్టి చేసుకోవచ్చు.

ఒక మధ్యాహ్నం గాలి సముద్రం వైపు తిరిగింది. ఒడ్డు దగ్గర నీళ్లలో గాలి నింపిన పరుపు మీద ఆడుకుంటున్న అతిథుల పాపను లోపలికి నెట్టుకుపోయింది. తల్లి ఒడ్డున గుండెలు బాదుకుంటోంది. కాపాడాల్సిన రిసార్టు ఈతగాళ్లు మోటారు పడవలో అతిథుల్ని షికారు తిప్పుతూ ఎక్కడో దూరాన ఉన్నారు. మిగిలింది కాళ్లతో తొక్కే పడవ ఒక్కటే. తెల్లని హంస మెడతో పెళ్లికి సింగారించినట్టుంది.

అక్క పరిగెత్తుకొచ్చింది. "ఒరేయ్, నీ వల్ల కాదురా."

"తెలుసక్కా," అంటూనే పడవను నీళ్లలోకి తోశాడు.

ఎక్కి తొక్కడం మొదలుపెట్టాడు. కళ్లు మూస్తే పాప కనిపించదు, తెరిస్తే నీళ్లు కనిపిస్తాయి. నురగ దాటాక అదే ఆకుపచ్చ. వెనక్కి తిరిగిపోదామని చేయి చుక్కాని మీదికి పోయింది, మళ్లీ వచ్చింది.

పరుపులో సగం గాలి పోయింది. పాపను అందుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"తాతా, ఎందుకేడుస్తున్నావు?"

"భయమేస్తోందమ్మా."

"నాకూ," అని పాప అతని చొక్కా గుప్పిట పట్టుకుంది.

వెనక్కి వస్తుంటే ఎదురుగాలి. ఎంత తొక్కినా గొడుగులు దగ్గర కావడం లేదు. మునిగితే పాపను ఎలా ఎత్తి పట్టుకోవాలన్న ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. కాళ్లు పడిపోతున్న వేళ మోటారు పడవ వచ్చి, తాడు వేసి లాక్కెళ్లింది.

జనం చప్పట్లు కొడుతుంటే అతను ఇసుకలో కూలబడి కక్కుకున్నాడు.

"రేపట్నుంచి నిన్ను పడవల మీద వేస్తాను," అన్నాడు మేనేజరు మెచ్చుకోలుగా.

"దండం పెడతాను బాబూ, ఆ మాటనకండి."

బావ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. ఇక నవ్వుతాడనుకున్నాడు ఒడ్డు మామ.

"నాకూ భయమేసేదిరా. వేటకెళ్లిన ప్రతిరోజూ. మీ అక్కకు చెప్పకు."

"వింటూనే ఉన్నాను," అంది వెనక నిలబడ్డ అక్క.

ఆ వారమే అతను దుప్పట్లు ఉతికే గదికి మారాడు. ఇప్పటికీ యంత్రం అద్దం వెనక నీళ్లు సుడి తిరగడం మొదలుపెడితే మొహం గోడవైపు తిప్పుకుంటాడు.